కాకి తినేదాకా

నా ఉద్యోగంలో నేను విన్న అబద్ధాలన్నింటిలోకి పెద్దది రెండు ఇడ్లీలు. "పొద్దున ఏం తింటారు?" అని అడిగితే చాలు, ఎదురుగా కూర్చున్న మనిషి లావైనా సన్నమైనా, మిల్లు యజమాని అయినా ఆ మిల్లు గేటు కాసే వాచ్‌మన్ అయినా జవాబు ఒకటే. "రెండే ఇడ్లీ మేడమ్." కోయంబత్తూరు జనమంతా తలా రెండిడ్లీలతో సరిపెట్టుకుంటుంటే ఆ ఊళ్లో వీధికి నాలుగు హోటళ్లు ఎలా బతుకుతున్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఊళ్లోనే ఆర్.ఎస్. పురంలో ఒక చిన్న షుగర్ ఆస్పత్రిలో డైటీషియన్‌గా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అని జనానికి చెప్పడం నా పని. ఇప్పుడు ఆ పని చేస్తున్న చిన్నవాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు: "మేడమ్, పేషెంట్లు నిజం చెప్పరు, ఎట్లా?" అబద్ధాలతో పెద్ద చిక్కేమీ లేదమ్మా. రెండంటే నాలుగని రాసుకోండి, లెక్క దాదాపు సరిపోతుంది. చిక్కంతా నిజం చెప్పేవాళ్లతోనే. నాకు అలాంటివాడు ఒక్కడే తగిలాడు. ఆయన సంగతి మీకోసం రాస్తున్నాను.

మాది ఆండిపట్టి పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఆస్పత్రిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం నేను పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నవి. కాబట్టి ఇందులో తప్పులుంటే సర్దుకోండి.

ఆస్పత్రిలో నా గది మెట్ల కింద ఉండేది. నిలబడితే తల తగులుతుందని నేనెప్పుడూ కూర్చునే ఉండేదాన్ని. గది బయట ఒకపక్క మందుల కౌంటరు. ఆ కౌంటరులో మదురై నుంచి వచ్చిన ఒకామె ఉండేది, ఆమెదీ మా తెలుగే. ఎవరింట్లో ఏ కూర వండారో ఆమెను అడిగితే చాలు. పై అంతస్తులో పెద్ద డాక్టరు. మిల్లులున్న ఇంటి బిడ్డ, తెలివైనవాడు, మంచివాడు, ఓపిక మాత్రం తక్కువ. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. కోపం వచ్చిననాడు మాత్రం తెలుగులోకి దిగేవాడు. అందుకని ఆయన నోట తెలుగు వినపడితే నేను బెదిరేదాన్ని.

నేను ఒంటరిదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఉన్నంతకాలం విసుక్కున్నాను, ఇప్పుడు అడిగేవాళ్లూ లేరు. ఒక ఇంటి మేడ మీది వాటాలో అద్దెకుండేదాన్ని. రోజుకు ఇరవైమంది తిండి గురించి వినేదాన్ని గానీ, నా తిండి గురించి చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కారు. అదేదో పెద్ద బాధ అని అప్పట్లో నాకు తెలియదు.

ఇక ఆయన సంగతి. వయసు యాభై దాటి ఉంటుంది. ఊరి చివర మా వాళ్ల పాత తెలుగు వీధుల్లో ఒక దానిలో ఇల్లు. సొంత వ్యాను. పొద్దున పిల్లలను బడికి చేర్చి, సాయంత్రం ఇళ్లకు చేర్చేవాడు. పిల్లలు ఆయన్ని వ్యాన్ మామ అనేవారు, అదే పేరు ఆస్పత్రిలోనూ నిలిచిపోయింది. భార్య పోయి రెండేళ్లు. ఒక్క కూతురు, పెళ్లయి మేలూరులో ఉంది. షుగరు చాలాకాలంగా ఉంది, ఇన్సులిన్ మీద బతుకుతున్నాడు.

ఒకరోజు పొద్దున వ్యాన్ మామ బండి నాలుగు దారుల కూడలి మధ్యలో ఆగిపోయింది. సిగ్నలు పచ్చగా ఉంది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఈయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడట. లోపల పిల్లలు "మామా, మామా" అని అరుస్తున్నా పలకలేదు. ట్రాఫిక్ పోలీసు తలుపు తీసి, ముఖం మీద నీళ్లు కొట్టి, పక్క అంగడి నుంచి చక్కెర కలిపిన టీ తాగిస్తే తెలివొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బడివాళ్లు ఊరుకుంటారా? డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే మళ్లీ వ్యాను తోలాలి, లేకపోతే లేదు అన్నారు.

డాక్టరు ఆయన్ని నా గదికి పంపి, వెనకే తనూ దిగి వచ్చాడు. తెలుగులో అన్నాడు. "ఈయనకి పొద్దున పూట షుగరు పడిపోతాండాది. మధ్యాహ్నానికి ఎగిరి కూర్చుంటాండాది. ఊసి వేసుకుని తినకుండా ఉండాడో, లేక నాకు అబద్ధం చెప్తాండాడో తెలుసుకోండి. అది తేలేదాకా నేను సంతకం పెట్టను. ఇరవైమంది పిల్లోళ్ల ప్రాణం."

ఊసి అంటే సూది. మా వైపు ఇన్సులిన్‌ని అలాగే అంటారు. వేసుకున్న అరగంటకు తినాలి. తినకపోతే ఆ మందు ఉన్న చక్కెరనంతా తినేస్తుంది, మనిషికి చెమటలు పోసి, చేతులు వణికి, చివరికి స్పృహ తప్పుతుంది. మీకు తెలిసిందే. ఆయనకూ తెలుసు.

"ఆరింటికి ఊసి ఏసుకుంటా అమ్మణీ," అన్నాడు ఆయన. కోయంబత్తూరులో ఆడవాళ్లను ఆదరంగా అలాగే పిలుస్తారు. "ఆరున్నరకు కూడు తీసి పెడతా. చద్దికూడు కాదు, అప్పుడు వండిన కూడే. పప్పు, నెయ్యి. నేను అబద్ధం చెప్పేవాణ్ణి కాదు."

చెప్పేవాడు కాడని నాకూ అనిపించింది. రెండిడ్లీ అనలేదు కదా! పొద్దున్నే అన్నమేమిటి, టిఫిన్ చేసుకోరా అని అడిగితే, "కూడే అలవాటు" అన్నాడు. మాది ఏ ఊరని అడిగాడు. ఆండిపట్టి పక్కన అనగానే ముఖం విచ్చుకుంది. "మా ఇంటిదీ ఆ పక్కదే! అట్లంటే మీరు నాకు అత్తగారూరి మనిషి." మందుల కౌంటరామె బయటినుంచి నవ్వింది. "సెరి, ఇంక చుట్టరికం కుదిరె. మేడమ్‌కు చీర తీసియ్యల్ల మీరు."

నేను రాసుకున్నది ఇదీ: ఆరింటికి మందు, ఆరున్నరకు భోజనం. అంతా సవ్యం. డాక్టరు మందు కొంచెం తగ్గించాడు. తర్వాతి వారం ఆయన మళ్లీ వచ్చాడు. ఇంట్లోనే వాకిట్లో పడి, గడప తగిలి నుదురు చీరుకుంది. కట్టు కట్టుకుని నా ముందు కూర్చుని, "ఆరున్నరకే కూడు పెడతాండాను అమ్మణీ" అని మళ్లీ అన్నాడు. ఈసారి కంట నీళ్లున్నాయి. "వ్యాను లేకుంటే నేనేం చేసేది? పొద్దున లేస్తానే పిల్లోళ్ల అరుపులు వినకుంటే నా చెవులు గుయ్యిమంటాండాయి. దినామూ బండి కడిగి పెడతాండా. ఆ సర్టిఫికెట్ ఇప్పించండి."

డాక్టరు మాత్రం, "ఇంక ఈ నెల చూస్తాను. తర్వాత అన్‌ఫిట్ అని రాసేస్తా" అన్నాడు.

నేను చదువుకున్న చదువంతా తిరగేశాను. కడుపు మెల్లగా అరుగుతుందేమో, కిడ్నీ చూడాలేమో, సూది తప్పు చోట గుచ్చుకుంటున్నాడేమో. ఏదీ అతకలేదు. చివరికి కౌంటరామె అంది: "మేడమ్, కాగితం చూస్తే ఏం తెలుస్తాది? ఒక పొద్దు పోయి చూడరాదా? అత్తగారూరి చుట్టం, ఏమనుకుంటాడు?" ఇంటికి పోయి చూడటం మా ఉద్యోగంలో లేదు. అయినా పోయాను. నిజం చెప్తే ఆ రోజు నేను పోయింది వృత్తి ధర్మం కొద్దీ మాత్రమే కాదు. "నేనేం చేసేది" అని ఆయన అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఆదివారాలు నేను ఆ మాట నాతో నేను అనుకుంటూ ఉండేదాన్ని.

తెల్లవారి మొదటి బస్సు ఎక్కి దిగాను. పాత వీధి. సగం పెంకుటిళ్లు, సగం కొత్త మేడలు. ఆయన ఇంటి ముందు పసుపు వ్యాను తళతళలాడుతూ నిలబడి ఉంది, కడిగిన నీళ్లు ఇంకా టైర్ల కింద పారుతున్నాయి. తలుపు తీసే ఉంది. లోపల పొయ్యి మీద అన్నం గిన్నె, పక్కన వాడేసిన సూది. అంటే మందు వేసుకున్నాడు. పళ్లెంలో అన్నం వడ్డించి మూత పెట్టి ఉంది. ముట్టలేదు. మనిషి లేడు.

పైనుంచి గొంతు వినిపించింది. "కా... కా... కా..."

డాబా మీదికి ఎక్కాను. ఆయన పిట్టగోడ మీద అరటాకు ముక్క పరిచి, దాని మీద నెయ్యి కలిపిన పప్పన్నం ముద్ద పెట్టి, తలెత్తి పిలుస్తున్నాడు. నాకు అప్పుడు గానీ బుద్ధి రాలేదు. ఆరున్నరకు కూడు పెడతానన్నాడే గానీ, తింటానని ఆయన ఒక్కసారీ అనలేదు. మా వైపు ఇళ్లల్లో పొద్దున వండగానే మొదటి ముద్ద కాకికి. పోయిన పెద్దలు కాకిగా వచ్చి తింటారని నమ్మకం. కాకి ముట్టాక మనం తినాలి. మా అవ్వ కాకి తినందే మాకు చద్దిముద్ద కూడా పెట్టేది కాదు. చద్ది కాకికి పెట్టకూడదు, అందుకే ఈయన పొద్దున్నే కొత్తగా వండుతున్నాడు. ఇదంతా నాకు తెలియనిదేమీ కాదు. కానీ డాక్టరుతో కాకి సంగతి ఎవరు చెప్తారు? చేతులు కడుక్కుని తిన్నానని చెప్తామా? అదీ అంతే. ఆయనకు చెప్పాలని తట్టలేదు, నాకు అడగాలని తట్టలేదు. హాస్టళ్లలో, అద్దె గదుల్లో తిని తిని నేను ఆ ఆచారాన్ని ఎప్పుడో వదిలేశాను.

"కాకి రాలేదా?" అన్నాను.

ఉలిక్కిపడి చూశాడు. "అమ్మణీ! మీరెట్ల... రాండి, రాండి. ఇంగొంచెం సేపు. వచ్చేస్తాది."

ముఖం మీద చెమట ధారలుగా కారుతోంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. అప్పుడే కరెంటు తీగ మీది నుంచి రెండు కాకులు దిగి ముద్ద దగ్గరికి గెంతాయి. హమ్మయ్య అనుకున్నాను. ఈయన భుజం మీది తుండు తీసి వాటిని అదిలించాడు.

"అయ్యో, కాకులే కదండీ అవి! ఎందుకు తోలేస్తారు?"

"అవి వేరే ఇంటోళ్లవి అమ్మణీ," అన్నాడు, ఎంతో మామూలుగా. "మాది కాదు. మా ఇంటిదానికి కుడికాలు కొంచెం ఈడుస్తాది."

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది.

ఆయన భార్య మిల్లులో మొదటి షిఫ్టు చేసేది. సైరన్ మోగేలోపు గేటులో ఉండాలి. అందుకని పొద్దున వంట ఈయనదే. ఆమె తల దువ్వుకుంటూ, చెప్పులు తొడుక్కుంటూ తినేది. ఆమె తినేసి సందు మలుపు తిరిగాక ఈయన కూర్చుని తినేవాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి ఆమె పోయేదాకా అలాగే సాగింది. చివరి రోజుల్లో మోకాలు పట్టేసి కుడికాలు ఈడ్చి నడిచేది. ఆమె పోయిన పదహారో రోజు, ఇదిగో ఇలా ఈ గోడ మీద ముద్ద పెడితే, కుడికాలు ఈడుస్తూ ఒక కాకి వచ్చిందట. నెయ్యి తగిలిన పక్కనుంచే తినిందట. ఆమె కూడా అంతేనట. ఇదంతా ఆయన పిట్టగోడ పట్టుకుని, మధ్య మధ్య "కా... కా" అని పిలుస్తూ చెప్పాడు.

"రెండేండ్లు తప్పలే. నేను పిలిచేలోపలే వచ్చి కూర్చునేది. ఎదురింటోళ్లు కొత్తగా మేడ కట్టిరి కదా. వాళ్లు దినామూ వడలు పెడతాండారు కాకులకి. ఆడ తినేసి ఈడకి వచ్చేటప్పటికి తొమ్మిదైనా అవుతాది. ఒక్కోనాడు రానే రాదు." కొంచెం నొచ్చుకున్నట్టు అన్నాడు. "వడలంటే దానికి మొదటినుంచీ ఆశే."

నా సంచిలో గ్లూకోజు పొట్లం ఉంది. తీసి చింపాను. "ముందు ఇది నోట్లో వేసుకోండి."

"వద్దు. అది తినలే కదా ఇంకా."

"ఇది కూడు కాదు, మందు."

"నోట్లో పోయేది ఏదైనా అంతే. దానికంటే ముందర నేను ఎప్పుడూ తినలే అమ్మణీ." ఆ మాట అంటూనే మోకాళ్లు వంగి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. వేళ్లు వణుకుతున్నాయి. కళ్లు నా మీద నిలవడం లేదు. ఎదురింటి మేడ మీద కాకులు గోలగోలగా వడలు పంచుకుంటున్నాయి. వాటిలో కాలు ఈడ్చేది ఉందో లేదో నాకు కనిపించలేదు.

అప్పుడు నేను చేసిన పనికి ఏ పుస్తకంలోనూ చోటు లేదు. పెద్దలకు పెట్టిన ముద్ద మనిషి ముట్టకూడదు, మహా తప్పు. మా అవ్వ బతికుంటే నాలుక మీద వాత పెట్టేది. ఆకు మీది ముద్ద తీసి, ఆయన చూస్తుండగా, నెయ్యి తగిలిన పక్కనుంచి కొరికి తిన్నాను.

"ఆండిపట్టి ఆడది తినింది," అన్నాను. "మీ అత్తగారూరి మనిషి తినింది. ఇంక మీరు తినండి."

ఆయన నా వంక చూశాడు. కోపమో, భయమో, మరొకటో తెలియలేదు. తర్వాత నోరు తెరిచాడు. చిన్నపిల్లకు పోసినట్టు గ్లూకోజు పోశాను. కిందికి పోయి పళ్లెం తెచ్చి అన్నం తినిపించాను. నాలుగు ముద్దలయ్యాక చేతి వణుకు తగ్గి తానే కలుపుకుని తిన్నాడు. కాసేపటికి కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. ఎందుకో ఇప్పుడైతే చెప్పగలను. ఒకరి ఎదురుగా కూర్చుని పొద్దుటి అన్నం తిని నాకు ఎన్నేళ్లయిందో ఆ డాబా మీద గుర్తొచ్చింది.

డాక్టరుకు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయి, కోపం లేకుండానే తెలుగులో అన్నాడు: "మా అమ్మ కూడా కాకి తినందే కాఫీ ముట్టదు. ఇన్నేండ్లలో నేను ఒక్క పేషెంటునైనా అడగలే." ముద్ద నోట్లో పెట్టుకునే ముందే వేసుకునే రకం మందుకు మార్చాడు. ముందు కాకి, తర్వాత సూది, వెంటనే కూడు. అంతే. ఇంత సులువైన మార్పు మాకు తట్టడానికి ఒక మనిషి నుదురు చీరుకోవలసి వచ్చింది.

కొన్నాళ్లు చూశాం. షుగరు పొద్దున పడిపోవడం ఆగింది. డాక్టరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేశాడు. నేను గర్వంగా ఆయన్ని పిలిచి సర్టిఫికెట్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మణీ, పిల్లోళ్లని ఏడింటికి ఎక్కించుకోవల్ల. ఏడింటికల్లా అది రాకుంటే?"

"వేరే కాకికి పెట్టి తినేసి బయల్దేరండి. మీ ఇంటావిడ ఏమీ అనుకోదు."

"సెరి అంటా మీతో. మాట కూడా ఇస్తా. ఇచ్చి, రేపు పొద్దున మళ్లీ దానికోసమే కాసుకుంటా. ఊసీ లేకుండా, కూడూ లేకుండా బండెక్కుతా, దోవలో కండ్లు తిరిగితే? నన్ను నేను ఎరుగుదును కదా." కాగితం నా బల్ల మీద పెట్టాడు. "తల్లులు పిల్లోళ్లని నా చేతికిచ్చి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా లోపలికి పోతారు. అంత నమ్మకం. వద్దు అమ్మణీ. వ్యాను అమ్మేస్తా."

నాకు ఒళ్లు మండింది. కసిరాను కూడా. బతికున్న ఇరవైమంది పిల్లల కంటే మీకు ఒక కాకి ఎక్కువా అన్నాను. "పిల్లోళ్లు ఎక్కువ కాబట్టే కదా తాళం ఇచ్చేస్తాండాను," అన్నాడు నెమ్మదిగా. నిజం చెప్పేవాడితో ఇదీ చిక్కు. జబ్బు కుదిరింది, మనిషి పని పోయింది. ఆ రోజు డాక్టరుతో "కేసు బాగైంది" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

లేచి పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "మీరు పొద్దున ఎన్నింటికి తింటారు అమ్మణీ?"

"ఏడున్నరకు."

"ఎవరితో?"

నేను ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాను. కౌంటరామె బయటినుంచి అంది: "ఎవరితో తింటాది? గోడతో తింటాది."

ఆయన గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. "అట్లంటే ఒకటి చేస్తా. అది రాని దినం మీకు ఫోన్ కొడతా. తింటినని చెప్పండి చాలు. ఆ దినం డాబా మీద తినిన మాదిరే, మీరు తింటే నాకు కూడు దిగుతాది."

అలా మొదలైంది. ఫోన్ మోగేది. "తింటిరా అమ్మణీ?" "తింటిని." "సెరి." పెట్టేసేవాడు. క్షేమసమాచారాలు లేవు, వాన ఎండ కబుర్లు లేవు. మొదట్లో ఒకటి రెండుసార్లు ఇంకా తినకుండానే తిన్నానని చెప్పాను. తర్వాత సిగ్గేసి, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఇంత నోట్లో పెట్టుకుని చెప్పేదాన్ని. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, ముందే వండుకుని కూర్చోవడం అలవాటైంది. ఊరందరికీ వేళకు తినమని చెప్పిన నేను వేళకు తినడం నేర్చుకుంది అప్పుడే.

ఆ ఊళ్లో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆయన ఒక్కడే. అందుకని, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, పొద్దున లేచి ఈ రోజు ఆ కాకి రాకపోతే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. ఎదురింటివాళ్లు వడలు మానేయకుండా ఉండాలని కోరుకున్నాను. ఫోన్ మోగని రోజు ఆమె మీద, ఆ కుంటి కాకి మీద, నాకు చిన్న అసూయ కలిగేది. ఆయనతో నాకున్నది ఆ మూడు మాటల చుట్టరికమే. దానికి వేరే పేరు పెట్టకండి.

నేను రిటైరయ్యాను. ఆస్పత్రికి పోయే పని తప్పింది. ఆయన కూడా మేలూరులో కూతురింటికి పోతూ వస్తూ ఉన్నాడని కౌంటరామె ఒకసారి చెప్పింది. ఫోన్లు పలచబడ్డాయి. వారానికి ఒకటి వచ్చేది రెండు వారాలకు ఒకటైంది. ఆషాఢంలో ఆడి మాసం గాలులు మొదలయ్యాక అసలు రాలేదు. నేను చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఒప్పందం అది కాదు. కాకి రాని రోజు ఆయన చేయాలి. ఫోన్ రాలేదంటే కాకి వచ్చినట్టే. ఎదురింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఉంటారు, వడలు ఆగి ఉంటాయి, అది మళ్లీ పిలవకముందే వచ్చి కూర్చుంటూ ఉంటుంది అని లెక్క వేసుకున్నాను. నాకు లోటుగానే ఉన్నా, పోనీలే, ఆయనకు బాగుంది కదా అని సరిపెట్టుకున్నాను. కొన్నాళ్లకు నిజంగానే సంతోషించడం కూడా చేతనైంది.

కార్తీక దీపాల రోజుల్లో కూరగాయల అంగడి దగ్గర కౌంటరామె ఎదురైంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక నేనే అడిగాను, వ్యాన్ మామ ఎట్లా ఉన్నాడని.

ఆమె నా చేయి పట్టుకుంది. "మీకు తెల్దా మేడమ్? ఆడిలోనే పోయె. నిద్దర్లోనే, గుండె ఆగిపోయె. కూతురొచ్చి అన్నీ చేసి పోయె. మీకు చెప్పినారనుకుంటి."

సంచి కింద పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఆడి, ఆవణి, పురట్టాసి, ఐప్పసి, తమిళ లెక్కన నాలుగు నెలలు. అన్ని నెలలు, పొద్దున పూట ఫోన్ మోగనప్పుడల్లా, కాకి వచ్చినట్టుంది, ఆయన తింటున్నాడులే అనుకుని నేను నా పళ్లెం ముందు కూర్చున్నాను.